మార్చి చూద్దామనే మాయరోగం

"బండి సెల్ఫ్ కొడుతోంది గానీ స్టార్టవట్లేదు" అని ఏ షెడ్డుకైనా వెళ్లి చెప్పి చూడండి. మీ మాట పూర్తయ్యేలోపే వైద్యం మొదలైపోతుంది. ఒకరు బ్యాటరీ అంటారు. ఒకరు ప్లగ్గులంటారు. పక్క షెడ్డు నుంచి టీ తాగడానికి వచ్చినాయన కూడా ఊరుకోడు, కార్బరేటర్ దించి కడిగించమని ఓ సలహా పడేసి పోతాడు. తలో దారి పట్టిన ఈ ముగ్గురూ ఒక్క మాట దగ్గర మాత్రం కలుస్తారు: "పాత బండి కదండీ. ఒక్కొక్కటీ మార్చి చూసుకుంటూ పోతే ఎక్కడో ఓచోట దొరుకుతుంది."

ఈ మాటకి మన దగ్గర ఎంత గౌరవమంటే, అదే అనుభవమనీ, అదే పనితనమనీ అందరూ నమ్ముతారు. బండి ఓనర్లు నమ్ముతారు, స్పేరు పార్టుల షాపులవాళ్లు సంతోషంగా నమ్ముతారు, కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు ఇదే విద్య అనుకుంటారు. నేను నమ్మను. ఒకప్పుడు నమ్మి డబ్బు పోగొట్టుకున్నాను గనక మరీ నమ్మను. మార్చి చూడడం రిపేరు కాదు, లాటరీ టిక్కెట్లు కొనడం. తగిలిన రోజున కూడా ఏ టిక్కెట్టుకి తగిలిందో మనకి తెలియదు.

ముందుగా ఒక అపోహ. సెల్ఫ్ తిరుగుతూ స్టార్టవని బండి పెద్ద చిక్కు సమస్య అని అందరి భయం. నిజానికి బండికొచ్చే జబ్బుల్లో ఇంత తేలిగ్గా పట్టుబడేది మరొకటి లేదు. ఘాట్ రోడ్డు మీద నెలకోసారి దగ్గి, షెడ్డుకి తీసుకెళ్లగానే బుద్ధిమంతుడిలా నడిచే బండిని పట్టుకోవడం కష్టం. అస్సలు స్టార్టవని బండి ఎక్కడికీ పోదు. అది పొద్దున అడిగినా అదే జవాబు చెబుతుంది, సాయంత్రం అడిగినా అదే చెబుతుంది. అడిగేవాడే లేడు.

పెట్రోలు ఇంజనుకి కావలసినవి ఎన్ని? లోపలికి గాలితో కలిసిన పెట్రోలు రావాలి. దాన్ని నొక్కిపట్టే కంప్రెషన్ ఉండాలి. సరైన క్షణంలో నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వనే మన షెడ్లలో "కరెంటు" అంటారు. అంతే. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కినప్పుడూ ఇంతే, 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయినప్పుడూ ఇంతే. 796 సీసీ, మూడు సిలిండర్లు. ముప్ఫయ్యేళ్లలో కార్బరేటర్ పోయి, కంప్యూటర్ లెక్కన పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది గానీ ఇంజను అడిగేవి మారలేదు. మరి స్టార్టవలేదంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి అందలేదన్నమాట. ఏది అందలేదో తెలుసుకోకుండా మూడింటికీ సంబంధించిన సామాన్లు వరసపెట్టి కొనడం ఏం తెలివి?

మా తెనాలి వైపు డెల్టాలో కాలవ చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు ఏం చేస్తాడో అందరికీ తెలుసు. పార భుజాన వేసుకుని గట్టు వెంట ఎగువకి నడుస్తాడు. సగం దూరంలో ఆగి చూస్తాడు. అక్కడ నీళ్లుంటే తేడా దిగువన ఉన్నట్టు, లేకపోతే ఇంకా ఎగువన ఉన్నట్టు. రెండు మూడు చోట్ల ఆగేసరికి గండి ఎక్కడ పడిందో, తూము ఎవరు మూశారో తేలిపోతుంది. తూములన్నీ పీకి కొత్తవి పెట్టించి, అప్పుడు నీళ్లొస్తాయేమో చూద్దామనే రైతుని నేనింతవరకూ చూడలేదు. ఆ రైతే తన జీపు స్టార్టవకపోతే మాత్రం షెడ్డువాడు చెప్పిన సామానల్లా కొనిస్తాడు.

ఇప్పుడు నా సొంత గోడు చెబుతాను. తెనాలిలో మా నాన్నగారికి 1996 మోడల్ మారుతి 800 ఉండేది, కార్బరేటర్ బండి. ఒక శ్రావణమాసం ముసురులో, ముందురోజు దాకా శుభ్రంగా తిరిగిన బండి పొద్దున్నే మొరాయించింది. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, ఇంజను అందుకోవట్లేదు. మెకానిక్ వచ్చాడు. పేరెందుకు, మంచివాడే. మొదటిరోజు బ్యాటరీ మారింది, ప్లగ్గులు మారాయి. రెండోరోజు కాయిల్, ఏసీ పంపు. (బండిలో ఏసీ లేదు. ఇంజనుకే తగిలించి ఉండే పెట్రోలు పంపుని మన షెడ్లలో అలాగే అంటారు.) మూడోరోజు కార్బరేటర్ దింపి కిట్టు వేశారు. అప్పటికి బండిలో సగం ఇంజను కొత్తది. సెల్ఫ్ మాత్రం పాత పాటే పాడుతోంది.

నాలుగోరోజు నాన్నగారికి బాబాయి వరసయ్యే ఒక పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసి మానేసినవాడు. అరుగు మీద కూర్చుని, "తిప్పరా ఓసారి" అన్నాడు. నేను తాళం తిప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "కంప్రెషన్ ఉంది, టైమింగ్ బెల్టూ ఉంది" అన్నాడు. ప్లగ్గు విప్పమన్నాడు. దాని మూతి తడిగా ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. "పెట్రోలొస్తోంది. పంపూ కార్బరేటరూ ఎందుకు మార్చార్రా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు.

తడిప్లగ్గు రంధ్రం దగ్గర రవ్వలు పుట్టించడం మంచిది కాదని ఆ ప్లగ్గుని మళ్లీ బిగించేసి, పొడిగా ఉన్న ఇంకో ప్లగ్గుని వైరుకి తగిలించాడు. దాన్ని రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని ఇంజను ఇనుముకి ఆనించి, మళ్లీ తిప్పమన్నాడు. రవ్వ లేదు. తర్వాత కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరుని డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూతలోంచి లాగి, దాని కొసని ఇనుముకి ఇంత ఎడంలో పట్టాడు. టప్ టప్ మంటూ నీలం రవ్వ దూకింది. పటకారు కింద పెట్టి, "కాయిల్ దగ్గరుంది, ప్లగ్గు దగ్గర లేదు. మధ్యలో ఏవున్నాయి?" అని మెకానిక్‌ని అడిగాడు. మధ్యలో ఉన్నవి డెల్కో మూత, లోపల తిరిగే రోటరు, ప్లగ్గు వైర్లు. మూడు వైర్లూ ఒక్కరాత్రిలో ఒక్కసారే చావవు. మూత తిప్పి వెలుతురులో చూశాడు, బాగుంది. రోటరు ఊడదీసి అడుగు భాగాన్ని గోటితో గీశాడు. గుండుసూది మొనంత నల్లచుక్క. ప్లాస్టిక్‌లో ఆ చుక్క దగ్గర చిల్లు పడి, వేల వోల్టుల కరెంటు ప్లగ్గుల దాకా పోకుండా రోటరులోంచే కింది ఇనుప కడ్డీలోకి దిగిపోతోంది.

మొత్తం పావుగంట. కొత్త రోటరు ఖరీదు అప్పట్లో వందలోపే. మూడురోజుల్లో ఆ డెల్కో మూత కనీసం నాలుగుసార్లు విప్పి పెట్టారు. లోపలున్నదాన్ని చేతిలోకి తీసుకుని చూసినవాడు లేడు, ఎందుకంటే వాళ్లు వెతకట్లేదు, మారుస్తున్నారు. రెంటికీ చాలా తేడా ఉంది.

"మార్చి చూద్దాం" పక్షం వాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు. రోటరు కూడా మార్చి ఉంటే సరిపోయేదిగా, ఇంకో రోజు ఓపిక పడితే అదీ వచ్చేది కదా అని. వచ్చేదే. కానీ మార్చుకుంటూ పోవడంలో ఉన్న అసలు ప్రమాదం ఖర్చు కాదు. మారే ప్రతి సామానుతోనూ సాక్ష్యం ఒకటి చెరిగిపోతుంది, కొత్త అనుమానం ఒకటి పుడుతుంది. కొత్త సామాను అంటే మంచి సామాను అని ఎవరు చెప్పారు? డెల్కోలో తెరుచుకుని మూసుకునే పాయింట్లుండే పాత బళ్లు నడిపినవాళ్లని, వాటికి తోడుండే కండెన్సర్ గురించి అడగండి. డబ్బాలోంచి అప్పుడే తీసిన డూప్లికేట్ కండెన్సర్ రెండోరోజే చచ్చి, పాయింట్లు నల్లగా మాడిపోయిన కథ ఒక్కొక్కరి దగ్గర ఒకటుంటుంది. ప్లగ్గులు మార్చే హడావుడిలో వైర్లు తారుమారైతే ఇంకో వింత. మారుతి 800లో సిలిండర్లు పేలే వరస 1, 3, 2. రెండు వైర్లు అటూ ఇటూ అయ్యాయంటే, అసలు జబ్బు నయమైనా బండి తుమ్ముతుంది, దగ్గుతుంది, స్టార్టవదు. అప్పుడు మెకానిక్ "ఇది కూడా కాదన్నమాట" అనుకుని తర్వాతి సామానుకి పోతాడు. జబ్బు ఒకటి పోయి రెండయ్యాయని తెలిసే దారి ఉండదు.

అందుకే బండి నిన్నటి దాకా బాగుండి ఇవాళ ఆగిపోతే నేను మొట్టమొదట అడిగేది దాన్ని చివరిసారి ఎవరు ముట్టుకున్నారని. సర్వీసు చేయించిన మర్నాడు ఆగిన బండికీ, వానలో నిలబడి ఆగిన బండికీ, ఆర్నెల్లు షెడ్డులో పడుకుని ఆగిన బండికీ ఒకటే మందు ఎలా పనిచేస్తుంది? ఈ ప్రశ్న అడగడానికి పానా కూడా అక్కర్లేదు.

ఇప్పుడు బ్యాటరీ వాదుల సంగతి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందంటే బ్యాటరీ తన పని చేస్తున్నట్టే. అయినా ముందు దానిమీదే పడతారు, ఎందుకంటే మార్చడం తేలిక, అమ్మడం ఇంకా తేలిక. వాళ్ల వైపు కూడా కొంత న్యాయం ఉంది, ఒప్పుకోవాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ మోటారే ఉన్న శక్తంతా లాగేసుకుని కాయిల్‌కీ, ఎంపీఎఫ్ఐ బండిలోనైతే కంప్యూటర్‌కీ చాలినంత మిగల్చదు. ఇంజను తిరుగుతుంది, కానీ ఈడ్చుకుంటూ. అది తేల్చడానికి కొత్త బ్యాటరీ కొననక్కర్లేదు. మల్టీమీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టండి. కదలకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టుల చుట్టూ చూపించే మంచి బ్యాటరీ, సెల్ఫ్ తిరిగేటప్పుడు పదికి కాస్త అటూ ఇటూగా నిలబడితే దాని జోలికి పోవద్దు. ఎనిమిదికీ ఏడుకీ జారిపోతుంటే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పుడు కూడా ముందు టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి బూజు గోకి, ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగ తుప్పుపట్టిందేమో చూశాకే.

"తోస్తే స్టార్టవుతుంది" అనేది ఇంకో ప్రజాభిప్రాయం. మన ఊళ్లలో ఇది సేవాభావంతో కలిసిపోయిన నమ్మకం కాబట్టి దీన్ని ఖండిస్తే కృతఘ్నుడంటారు. అయినా అడుగుతాను. తోయడం దేనికి? ఇంజనుని తిప్పడానికి. అది ఇప్పటికే తిరుగుతోందిగా! సెల్ఫ్ అస్సలు తిరగనప్పుడో, ఇందాక చెప్పినట్టు బ్యాటరీ నీరసించినప్పుడో తోస్తే అర్థముంది. పెట్రోలు రాని ఇంజనుని నలుగురు కలిసి తోసినా పెట్రోలు రాదు. పైగా సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో, మండని పెట్రోలు పోయి అందులో చేరితే అదింకో ఖర్చు. పెద్ద నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి అది తప్పనిసరైంది 1995లో. ఇవాళ మనం పాత బండి అంటున్న వాటిల్లో చాలా వాటికి అది ఉంది.

ఇంకా ఘోరం, ఆగకుండా సెల్ఫ్ కొట్టడం. "కొట్టగా కొట్టగా అందుకుంటుంది" అని ఒక సిద్ధాంతం. పది సెకన్లకి మించి కొడితే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది. మండకుండా లోపలికి పోయిన పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరని కడిగేస్తుంది, దాంతో అప్పటిదాకా బాగున్న కంప్రెషన్ కూడా పడిపోతుంది. ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి. అరగంట కింద ఒక్క లోపం ఉన్న బండికి ఇప్పుడు మూడు. అలా పెట్రోలు ముంచేసిన బండికి మందు సులువే. చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. గాలి ఎక్కువై లోపలి తడి ఆరుతుంది. చాలా ఎంపీఎఫ్ఐ బళ్లలో కూడా యాక్సిలరేటర్ చివరంటా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది, సరిగ్గా ఇందుకోసమే. మనవాళ్లేం చేస్తారంటే పెడల్ని టపటపా కొడతారు. కార్బరేటర్ బండిలో ప్రతి దెబ్బకీ ఇంకో గుక్క పెట్రోలు లోపలికి పోతుంది.

చెవికి ఉన్న విలువ పోయిందన్న బాధ నాకుంది. సెల్ఫ్ చప్పుడులో ఒక లయ ఉంటుంది. సిలిండరు గాలిని నొక్కినప్పుడల్లా మోటారు కాస్త బరువెక్కి, తర్వాత తేలికపడుతుంది. ఆ లయ లేకుండా కుట్టుమిషను ఖాళీగా తిరిగినట్టు ఏకధాటిగా, మామూలుకంటే వేగంగా తిరిగిందంటే కంప్రెషన్ లేదని అర్థం, చాలామటుకు టైమింగ్ బెల్టు తెగి ఉంటుంది. మారుతి 800లో డెల్కో మూత తీసి సెల్ఫ్ కొట్టి చూడండి. ఇంజను తిరుగుతూ రోటరు కదలకుండా కూర్చుందంటే ఇక ఏ పంపూ ఏ కాయిలూ కొనక్కర్లేదు. ఇది తెలియక బెల్టు తెగిన బండికి కార్బరేటర్ కిట్టు వేసిన సందర్భం నేను కళ్లారా చూశాను. కిట్టు బాగానే వేశారు పాపం.

డెల్కో అన్న మాట ఎక్కడిదో చెప్పి మళ్లీ విషయానికొస్తాను. డిస్ట్రిబ్యూటర్‌కి మన పాత మేస్త్రీలు పెట్టుకున్న ఈ పేరు అమెరికాలో ఒక కంపెనీది. ఒహాయో రాష్ట్రం డేటన్‌లో 1909లో చార్ల్స్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ కలిసి పెట్టిన డేటన్ ఇంజనీరింగ్ లేబరేటరీస్ కంపెనీ పొడి అక్షరాలే డెల్కో. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో రవ్వ పుట్టించే పద్ధతిని కార్లలోకి తెచ్చింది కెటరింగే. 1912 కాడిలాక్‌కి కరెంటుతో తిరిగే సెల్ఫ్ స్టార్టర్ అమర్చిందీ ఆయనే. అంటే "సెల్ఫ్ కొడుతోంది, కరెంటు రావట్లేదు" అని మనం ఫిర్యాదు చేసినప్పుడల్లా ఆయన చేసిన రెండు పనుల్లో ఒకటి పనిచేస్తోంది, రెండోది పనిచేయట్లేదని చెబుతున్నామన్నమాట. ఆయన పద్ధతి ఎంత బాహాటమైనదంటే, పార్కింగ్ లైటు బల్బుకి రెండు వైర్లు అతికించి కాయిల్ పాయింట్ల వైపు కొసకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి సెల్ఫ్ కొడితే చాలు. బల్బు మిణుకుమిణుకుమంటే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి. వెలిగే ఉండిపోతే మూసుకోవట్లేదు. అసలు వెలగకపోతే తెరుచుకోవట్లేదు, లేదా కాయిల్‌కి కరెంటే రావట్లేదు. ఒక్క బల్బు ఇంత కథ చెబుతుంటే కాయిల్ కొనుక్కురమ్మని కుర్రాణ్ని పరిగెత్తించడం దేనికి?

కొన్ని బళ్లలో ఇంకా మంచి ఆనవాలు ఒకటి దొరుకుతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజను అందుకుంటుంది, తాళం వదలగానే చచ్చిపోతుంది. ఇది చూసి పెట్రోలు చాలట్లేదంటారు. కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి ఒక దారిన కరెంటొస్తుంది, వదిలాక ఇంకో దారిన రావాలి. ఆ రెండో దారిలో రెసిస్టరో, తాళంచెవి స్విచ్చులో ఒక కాంటాక్టో పోయింది. బండి అంత స్పష్టంగా చెబుతోంది. మనం కార్బరేటర్ కడుగుతున్నాం.

పెట్రోలు వైపు కూడా ఇలాగే. కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, రవ్వ రాకుండా కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టండి. బుడుక్ బుడుక్ మని పడితే పంపు బాగుంది. ఎంపీఎఫ్ఐ అయితే తాళం ఆన్ చేయగానే వెనకసీటు వైపు నుంచి రెండు సెకన్లు జుయ్యిమని వినపడాలి. వినపడకపోతే పంపు కొనేముందు ఫ్యూజు, రిలే చూడాలి. సీసాలో పట్టిన పెట్రోలుని కాసేపు కదపకుండా ఉంచితే ఇంకో సంగతి తేలుతుంది. ఈమధ్య ఏ బండి ఆగినా "ఇథనాల్ వల్లే" అనడం పరిపాటైంది. 2022 నాటికి పెట్రోలులో పది శాతం, 2025కి ఇరవై శాతం దాకా కలిసిన మాట నిజం. పాత బళ్ల రబ్బరు పైపులూ డయాఫ్రంలూ దాన్ని తట్టుకునేలా చేసినవి కావు, అదీ నిజమే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు మరీ ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది. అలా దిగిందా లేదా అన్నది ఆ సీసా అడుగున కనపడుతుంది. కనపడితే ట్యాంకు ఖాళీ చేయించండి. కనపడకపోతే ప్రభుత్వాన్ని తిట్టడం ఆపి ప్లగ్గు విప్పండి. అన్నట్టు, ట్యాంకులో పెట్రోలుందో లేదో చూసుకున్నారా? పాత బళ్లలో ముల్లు సగం దగ్గరే చిరకాలం విశ్రాంతి తీసుకుంటుంది. నవ్వకండి, నాకూ ఒకసారి జరిగింది.

గాలి దారిలో నాలుగు చుక్కల పెట్రోలు వేస్తే బండి రెండు క్షణాలు అందుకుని చచ్చిపోయిందంటే, కరెంటు బాగుంది, పెట్రోలే రావట్లేదు. ఇది మంచి పరీక్షే. కానీ సీసా పట్టుకుని కార్బరేటర్ నోట్లోకి వంచుతూ మరొకణ్ని సెల్ఫ్ కొట్టమనే అలవాటు మాత్రం చూడలేను. ఇంజను ఒక్కసారి తుమ్మితే మంట ఆ సీసాలోకే వస్తుంది.

డీజిల్ బళ్ల గురించి ఎక్కువ చెప్పను, అక్కడ గొడవ ఇంకా చిన్నది. పాత జీపు సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, మండట్లేదు. హీటర్ ప్లగ్గులూ కంప్రెషనూ చూడాలి. పొగే రాకపోతే డీజిల్ అందట్లేదు, సాధారణంగా ఎక్కడో ఎయిర్ పట్టి ఉంటుంది. ఎయిర్ తీయడం పది నిమిషాల పని. ఇది చూడకుండా ఇంజెక్షన్ పంపు విప్పించుకున్నవాళ్లు వేలల్లో వదిలించుకుంటారు.

ఇక ఆధునికుల వాదన. "ఇవన్నీ పాత పద్ధతులు, స్కానర్ పెడితే అదే చెబుతుంది" అంటారు. స్కానర్ నాకు శత్రువు కాదు, నా దగ్గరా ఒకటుంది. కానీ మన దేశంలో కార్లకి, లోపాల్ని తనే కోడ్‌గా చెప్పే ఓబీడీ తప్పనిసరి కావడం మొదలైంది 2010లో. కార్బరేటర్ బండికి స్కానర్ ఎక్కడ గుచ్చుతారు? గుచ్చే చోటున్న బండిలో కూడా అది చెప్పేది ఫిర్యాదే, తీర్పు కాదు. ఇంజను తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ కోడ్ వచ్చిందంటే సెన్సర్ పోయిందని కాదు, ఆ సెన్సర్ నుంచి రావలసిన కబురు రాలేదని. కబురు రాకపోవడానికి ఎలక కొరికిన వైరు చాలు. అదే స్కానర్‌లో సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం అంకె చూస్తే, అది సున్నా దగ్గరే ఉందా కదులుతోందా అన్నది ఎంతో చెబుతుంది. కోడ్ చదివి సామాను ఆర్డరిచ్చేవాడికి ఆ అంకెతో పనిలేదు. అతనూ మార్చి చూసేవాడే, చేతిలో పానా బదులు తెర ఉందంతే.

ఇంతసేపూ మెకానిక్‌లని తిట్టినట్టుంది. నా అసలు ఫిర్యాదు వాళ్ల మీద కాదు. మా బండి పావుగంటలో బాగుపడిన రోజున ఆ పెద్దాయనకి నాన్నగారు కాఫీ ఇచ్చారు, దణ్ణం పెట్టారు. డబ్బిస్తే తీసుకోడనుకున్నారు. మూడురోజులు తప్పులు చేసినాయనకి మాత్రం ఐదు సామాన్లకీ, వాటి బిగింపు కూలీకీ పైసలతో సహా లెక్కగట్టి ఇచ్చారు. అంటే కనిపెట్టినవాడికి కాఫీ, మార్చినవాడికి కూలీ. కనిపెట్టినందుకు కూలీ ఇవ్వడం మనకి రాదు. "ఊరికే చూశాడు, దానికి ఐదొందలా?" అంటాం. చేతిలో కొత్త డబ్బా పెడితే అదే ఐదొందలు మారుమాట్లాడకుండా ఇస్తాం. ఇలాంటి ఓనర్ల మధ్య బతకాల్సిన మెకానిక్, చూడడం మానేసి మార్చడం నేర్చుకోక ఏం చేస్తాడు? ఆలోచన ఖర్చు మన జేబులోంచి పోకూడదనుకున్నాం, సామాన్ల ఖర్చుగా అంతకు పదింతలు పోతోంది.

మార్చి చూడడం పూర్తిగా పనికిరాదని కూడా నేననను. అనుమానం ఒకే ఒక్క సామాను మీదికి చేరాక, పక్క బండిలో నడుస్తున్న మంచి సామాను తెచ్చి పెట్టి చూడడం సరైన పరీక్షే. వేడెక్కితే చచ్చి చల్లారితే బతికే కాయిల్ని, సెన్సర్ని కొన్నిసార్లు అలాగే పట్టాలి. కానీ ఆ పరీక్షకి ఒక నియమం ఉంది. తేడా కనిపించకపోతే పెట్టింది తీసేసి పాతది మళ్లీ బిగించాలి. మన షెడ్లలో పాతది తిరిగి బిగించడం నేను చూసింది తక్కువ, బిల్లులోంచి కొత్తది తీసేయడం అసలు చూడలేదు.

పాతబడింది కాబట్టి ఆగిందనేవాళ్లకి ఒక్క మాట. వయసు వల్ల రబ్బరు పగులుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, ప్లాస్టిక్‌కి చిల్లు పడుతుంది. ఫలానా పొద్దున ఫలానా చోట పగిలిందేమిటో చూపించండి, ఒప్పుకుంటాను. ఊరికే "పాతది" అంటే అది కారణం కాదు, వెతకడం ఇష్టం లేదని చెప్పడం. ఆ మాట విని ఎందరో నిక్షేపంలాంటి బళ్లని తుక్కు ధరకి ఇచ్చేశారు. కొన్నవాడు రెండోరోజు అదే వీధిలో అదే బండి నడుపుకుంటూ పోవడం కూడా చూశారు.

మా బండిలోంచి ఆ మూడురోజుల్లో తీసేసిన చిన్న సామాన్లన్నీ నాన్నగారు బిస్కెట్ల డబ్బాలో వేసి అటక మీద పెట్టారు. తర్వాత ఓ సెలవు రోజున నేను వాటిని దింపి ఒక్కొక్కటీ పరీక్షించాను. ఏసీ పంపు సీసాలోకి బుడుక్ బుడుక్ మనే పోసింది. ప్లగ్గులు తుడిచి పెడితే మూడింటికి మూడూ రవ్వ కొట్టాయి. కొత్త కాయిల్ అప్పటికే ఎండలో బండి ఆపినప్పుడల్లా కాస్త తటపటాయిస్తోంది. దాన్ని తీసేసి, డబ్బాలోని పాతదే మళ్లీ బిగించాం.